ఎల్సీ కొన్న రికార్డులు

మా పెళ్లయి అప్పటికి అయిదు వారాలు. ఇంగ్లండు తీరాన నార్త్ షీల్డ్స్‌లో చేపల రేవుకు పైనున్న వీధిలో మేడమీది రెండు గదులు మావి. కింది గదులు మా అత్తగారు ఎల్సీవి. ఆ అయిదు వారాల్లో నేను కనిపెట్టిన సంగతులకు అంతే లేదు. మా ఆయన గార్త్ విన్‌షిప్ గుడ్డు ఉడికించేటప్పుడు గడియారం చూడడు, పాట పాడతాడు. రెండు చరణాలైతే సొన మెత్తగా ఉంటుంది, మూడైతే గట్టిపడుతుంది. రోజూ నేను కావాలనే రెండో చరణం అయ్యాక “ఇంకొక్కటి” అనేదాన్ని. నాకు గట్టి గుడ్డంటే ఇష్టమేం కాదు.

లోకానికి మాత్రం అతను హార్బర్ కింగ్స్ గార్త్. ఆ రాక్ బృందంలో తొమ్మిదేళ్లు గిటార్ వాయించాడు. పాటలన్నీ కట్టింది అతనే, పాడింది లెస్టర్ పైబస్. పత్రికల్లో ఫోటోలూ, అభిమానులు పీక్కుపోయే చొక్కాలూ లెస్టర్‌వి. ఫోటో చివర్లో సగం మొహంతో కనిపించేది గార్త్. కిందటేడు, అంటే డెబ్భై నాలుగులో, గార్త్ బృందాన్ని వదిలేసి సొంతంగా పాడతానన్నప్పుడు లెస్టర్ ఓ పత్రికతో అన్న మాట దేశమంతా అచ్చయింది.

“గార్త్ పాడితే వాళ్లమ్మ ఒక్కతే కొంటుంది.”

మొదటి రికార్డు నిజంగానే, వారం వారం ఎక్కువ అమ్ముడైన పాటల చార్టు మొహం చూడలేదు. రెండోది ‘ఉప్పుగాలి’. మా పెళ్లయిన రెండు వారాలకు విడుదలైంది. ఇదీ పోతే మూడోది ఉండదని కంపెనీ ముందే చెప్పేసింది. గార్త్‌ను కోస్తున్నది మాత్రం కంపెనీ మాట కాదు.

“ముక్కూ మొహం తెలియనివాళ్లు నా గొంతు కోసం దుకాణానికి వెళ్లాలి రూత్. ఒక్క పాటకు చాలు. తర్వాత చేపలు పట్టుకుని బతకమన్నా బతుకుతాను” అన్నాడు ఓ రోజు గిన్నెలు తుడుస్తూ.

“నీకు సముద్రంలోకి వెళ్తే వాంతులు కదా?”

“ఒడ్డున కూర్చుని పడతాను.”

కొత్త చార్టును ప్రతి మంగళవారం మధ్యాహ్నం రేడియోలో చదివేవారు. మొదటి మంగళవారం ‘ఉప్పుగాలి’ ముప్పై ఏడో స్థానంలోకి వచ్చింది. ఆ రోజు గార్త్ నన్ను ఎత్తుకుని మెట్లన్నీ ఎక్కాడు, చివరి మెట్టు మీద ఇద్దరం పడ్డాం. రెండో మంగళవారం తొమ్మిది. అప్పుడు నేను బడిలో చరిత్ర పాఠం చెబుతున్నాను. కబురు తెచ్చిన ప్యూనును కావలించుకున్నాను. ఆయన ఇప్పటికీ నన్ను చూస్తే పక్కకు తప్పుకుంటాడు.

మూడో మంగళవారం బడికి సెలవు. పన్నెండు కావస్తుండగా చొక్కాలు ఇస్త్రీ చేద్దామని బల్ల కోసం కిందికి వెళ్లి, ఎల్సీ మెట్లకింది అర తలుపు తీశాను. బల్లకంటే ముందు రికార్డులు జారి నా కాళ్లమీద పడ్డాయి. ఒకటి తీసి చూశాను. ‘ఉప్పుగాలి’. ఇంకోటి తీశాను. అదీ ‘ఉప్పుగాలి’. అన్నీ అవే.

ఎల్సీ, జుట్టు వంకీలు తిరగాలని చుట్టిన గొట్టాలతో వంటగదిలోంచి పరిగెత్తుకొచ్చింది.

“తలుపు మూసెయ్ పిల్లా! మేడమీదున్నవాడు వింటాడు.”

“ఎల్సీ, ఇవన్నీ...”

“నేనొక్కదాన్నే కాదు. బింగో ఆటకొచ్చే మా జట్టు మొత్తం. రోజుకు ఇద్దరిద్దరం వెళ్లాం. నేనైతే మూడు తలగుడ్డలు మార్చాను, ఒకసారి నల్లకళ్లద్దాలు కూడా పెట్టుకున్నాను. పాపం, ఎవరూ గుర్తుపట్టలేదు” అంది గర్వంగా.

“ఎవరిని గుర్తుపట్టలేదు?” అంటూ గార్త్ మెట్లు దిగాడు. చేతిలో ఖాళీ జామ్ సీసా ఉంది. నా కాళ్ల దగ్గరి గుట్టను చూశాడు. సీసాను మెల్లగా మెట్టుమీద పెట్టాడు.

“ఎన్నమ్మా?”

“అరవై నాలుగు” అంది ఎల్సీ. ఈసారి గొంతులో గర్వం లేదు.

గార్త్ గోడకు ఆనుకున్నాడు. అప్పుడు నాకు ఆ మొహం అర్థం కాలేదు, తర్వాత తనే విడమర్చి చెప్పాడు. చార్టు తయారుచేసేవాళ్లు దేశంలోని దుకాణాలన్నింటినీ చూడరు. రహస్యంగా మూడొందల దుకాణాలను ఎంచుకుని, తలా ఒక పుస్తకం ఇస్తారు. అమ్మిన ప్రతి రికార్డునూ అందులో రాసి వారం చివర పంపాలి. దేశం మొత్తం ఏం కొంటోందో ఆ పుస్తకాలను బట్టే లెక్కగడతారు. పుస్తకం ఉన్న దుకాణంలో ఒక్కచోట అరవై నాలుగు అమ్ముడయ్యాయంటే, వేలమంది కొన్నట్టు కనిపిస్తుంది.

“అయితే లెస్టర్ చెప్పిందే నిజం. తొమ్మిదో స్థానం నాది కాదు, నీది” అన్నాడు తల్లితో.

“ఒరే, తల్లి కొనకూడదని చట్టముందా?”

“ఏ కొట్లో కొన్నావు?”

“టులిప్ కొట్లో. నా మోకాళ్లకు అంతకంటే దూరం ఎక్కడికెళ్తాను?”

“ఆయన దగ్గర ఆ పుస్తకముందా?”

ఎల్సీకి తెలియదు. ఎవరికీ తెలియదు. గార్త్ కోటు తగిలించుకుని బయటికి నడిచాడు. నేను వెనకే వెళ్లాను. జుట్టు గొట్టాలమీదే తలగుడ్డ కట్టుకుని ఎల్సీ నా వెనక వచ్చింది. అప్పటికి పన్నెండు దాటింది. చార్టుకు ఇంకా అరగంట కూడా లేదు. వాలు వీధిలో గబగబా దిగాం. నేను అతని జేబులో చెయ్యి పెట్టాను. లోపల అతని చెయ్యి చల్లగా ఉంది, కానీ నా వేళ్లను వదల్లేదు.

టులిప్ గారి కొట్లో రికార్డుల పక్కనే కుక్కల పట్టెడలు, గాలాలు, పిల్లల బండి చక్రాలు ఉంటాయి. ముసలాయన బల్ల వెనక కూర్చుని రొట్టెలో బఠాణీ పప్పు ముద్దా, పంది మాంసమూ పెట్టుకుని తింటున్నాడు. పక్కన రేడియో మోగుతోంది.

“టులిప్ గారూ, ఒక్క మాట నిజం చెప్పండి. చార్టువాళ్ల పుస్తకం మీ దగ్గరుందా?”

“పుస్తకమా?” ఆయన తాపీగా నమిలి మింగాడు. “రెండేళ్ల కిందట ఒకాయన సూటేసుకుని తెచ్చాడులే. రోజూ సాయంత్రం కొట్టు కట్టాక కూర్చుని ఏమేం అమ్మానో రాయాలట. సాయంత్రం నా పావురాలకు మేత ఎవరేస్తారు, వాడేస్తాడా? పట్టుకుపొమ్మన్నాను.”

“అంటే ఇక్కడ అమ్మినవి...”

“ఇక్కడ అమ్మినవి నాకూ దేవుడికీ తప్ప ఎవరికీ తెలియవు నాయనా. అయినా నీ పాట నా దగ్గర ఎక్కడుంది? సరుకు వచ్చిన గంటలో మీ అమ్మ ఊడ్చుకుపోతోంది. ఆ నల్లకళ్లద్దాలేంటమ్మా ఎల్సీ, కళ్లు బాగాలేవా? అడిగినవాళ్లకు నేను లేదంటుంటే, పాపం బస్సెక్కి న్యూకాజిల్ పోయి కొనుక్కుంటున్నారు.”

ఎల్సీ నోరు తెరిచింది. “అంటే నా అరవై నాలుగూ వృథానా?”

గార్త్ కుక్కల పట్టెడల పక్కనున్న పెట్టెమీద కూలబడ్డాడు. ముందు అతని భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని వంగి చూశాను. నవ్వుతున్నాడు, కళ్లలో నీళ్లొచ్చేలా.

“పూర్తిగా వృథా అమ్మా! ఒక్కటీ లెక్కలోకి రాలేదు. నువ్వు పుట్టాక ఇంత మంచి పని చేయలేదు.”

“నోర్ముయ్. నిన్ను కన్నాను, అది మంచి పని కాదూ?”

“ఉష్, చదువుతున్నాడు!” అని టులిప్ గారు రేడియో గొంతు పెంచాడు.

పదో స్థానం ఎవరిదో. తొమ్మిది, మేం కిందటి వారం ఉన్న చోటు, ఇంకెవరిదో. ఎనిమిది, ఏడు, ఆరు, అయిదు. పైకి పోయామో, అసలే రాలిపోయామో తెలియదు. నాలుగో స్థానం హార్బర్ కింగ్స్‌ది. లెస్టర్ గొంతు కొట్టంతా నిండింది. గార్త్ కట్టిన పాత వరసే, పేరు మాత్రం కొత్తది.

“గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టుంది వీడికి” అంది ఎల్సీ.

మూడు మేం కాదు. రెండు మేం కాదు. గార్త్ నా మణికట్టు పట్టుకున్నాడు. మర్నాటిదాకా ఆ వేళ్ల అచ్చు పోలేదు, నేను పోనివ్వనూ లేదు, మాటిమాటికీ చూసుకున్నాను.

తర్వాత గిటార్ మోగింది. ఆ మొదటి నాలుగు స్వరాలూ నేను నిద్రలో కూడా గుర్తుపడతాను. ఆ వెనకే గార్త్ గొంతు వచ్చింది, కాస్త బొంగురుగా. దేశంలో ఒకటో స్థానం.

టులిప్ గారు రొట్టె కింద పెట్టి చప్పట్లు కొట్టాడు. ఎల్సీ తలగుడ్డ ఊడిపోయింది, గొట్టాలు రాలాయి. నేను అరిచాననుకుంటాను, బయట ఎవరో ఆగి చూశారు. గార్త్ మాత్రం పెట్టెమీద నుంచి లేవలేదు. పాట పూర్తయ్యేదాకా వేరేవాళ్లది విన్నట్టు విన్నాడు.

సరిగ్గా అప్పుడే ఓడల యార్డు మనిషి ఒకడు మసి బట్టలతో లోపలికొచ్చాడు.

“ఈ పాటే మాస్టారూ. ఇప్పుడు మోగిందే, అది ఉందా?”

“లేదయ్యా, అయిపోయాయి.”

“ఎవరు పాడారండీ అది?” అన్నాడు గార్త్, ఏమీ ఎరగనట్టు.

“ఎవరో గార్త్ అట. మనిషినెప్పుడూ చూడలేదు. గొంతు బాగా పాడైనట్టుంది, కానీ వదలడం లేదండీ, రెండు రోజులుగా వెల్డింగ్ చేస్తూ అదే పాడుతున్నాను.”

“బాబూ, నాతో రా, మా ఇంట్లో కావలసినన్ని...” అని ఎల్సీ మొదలుపెట్టింది.

“అమ్మా!” గార్త్ లేచి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. “అన్నా, పది నిమిషాల్లో న్యూకాజిల్ బస్సుంది. వెళ్లి కొనుక్కో.”

“ఒక్క పాట కోసం అంత దూరమా?” ఆ మనిషి ఒక్క క్షణం తటపటాయించి, టోపీ సర్దుకున్నాడు. “సరేలే, వెళ్తాను. మధ్యాహ్నం షిఫ్టుకు ఆలస్యమైతే అవుతుంది.”

అతను బస్సెక్కేదాకా మేం ముగ్గురం గుమ్మంలో నిలబడి చూశాం. బస్సు కదిలాక గార్త్ రెండు చేతులూ పైకెత్తి, ఓడను సాగనంపుతున్నట్టు ఊపాడు. లోపలి మనిషి అయోమయంగా ఒక చెయ్యి ఊపాడు.

“పిచ్చి వెధవా, గుమ్మంలోకొచ్చిన బేరాన్ని తరిమేశావు కదరా” అంది ఎల్సీ.

గార్త్‌కు అది వినపడలేదు. నడివీధిలో నన్ను రెండు చేతులా పట్టుకుని గిరగిరా తిప్పుతున్నాడు.