సున్నా నుంచి లెక్కపెట్టే సాక్షి

నేను ఒక ట్రేస్ లైనును. ప్రోగ్రాం తాను చేసిన పనిని ఎప్పటికప్పుడు ఒక ఫైల్లో రాసుకుంటుంది చూడండి, ఆ రాతను రాయించే వాక్యాన్ని. హన్మకొండలో ఒక ప్రైవేటు ఆస్పత్రి టోకెన్ల ప్రోగ్రాంలో పుట్టాను. నన్ను రాసిన విద్యాసాగర్‌కు తొందరెక్కువ. త్రెడ్ నంబరు, టోకెన్ నంబరు, అంతే రాయమన్నాడు. త్రెడ్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. రెండు కౌంటర్లకు ఒకేసారి పనిచేయాలి కాబట్టి ప్రోగ్రాం రెండు చేతులు పెట్టుకుంది. ఒక్కో చేయి ఒక త్రెడ్. నన్ను పుట్టించి ఆయన వేరే కంపెనీకి పోయాడు.

ఒక సోమవారం ఇద్దరు రోగులకు నలభై ఏడో టోకెనే వచ్చింది. డాక్టరు గది ముందు చొక్కాలు పట్టుకున్నారు. మేనేజరు సమ్మిరెడ్డి నా ఫైలు తెరిచాడు. 'త్రెడ్ 0 టోకెన్ 47', దాని కింద 'త్రెడ్ 1 టోకెన్ 47'. సున్నా అంటే మిషను, ఒకటంటే ఒకటో కౌంటరు అనుకున్నాడు. అక్కడ కూర్చునే యాకమ్మను పిలిచాడు.

"రెండోసారి ఇచ్చింది నువ్వే. ఫైల్ల ఉన్నది చూడు."

"ఒక్క నంబరు ఇద్దరికెందుకిస్త సార్? తిట్లు తినేది నేనే గద."

నోటీసు ఇచ్చాడు. వారంలో జవాబు చెప్పాలి, లేకపోతే ఉద్యోగం ఊడుతుంది. యంత్రం తప్పు చేస్తే ముందు దొరికేది జీతం తక్కువున్న మనిషే. నేను అబద్ధం రాయలేదు. సగం రాశాను. సగం నిజం మనిషి మెడకు ఎంత బాగా చుట్టుకుంటుందో అప్పుడు చూశాను.

ప్రోగ్రాం చూసుకునే షహనాజ్ వచ్చింది. "సార్, కంప్యూటర్ సున్నా నుంచి లెక్కవెడ్తది. సున్నా అంటే యాకమ్మక్క. ఒకటంటే రెండో కౌంటర్ స్వరూపక్క."

"గట్లనా? అయితే నోటీస్ స్వరూపకియ్యాలె."

పక్కనే కూర్చున్న యాకమ్మ లేచింది. "ఆమెకెందుకు సార్? మేం బటన్ నొక్కుతం. నంబరు మేం పుట్టిస్తమా, మీ మిషన్ పుట్టిస్తదా?"

సమ్మిరెడ్డి షహనాజ్‌ను అసలు సంగతి తేల్చమన్నాడు.

షహనాజ్ నన్ను విప్పి మళ్లీ కుట్టింది. త్రెడ్ నంబరు తీసేసి మనిషి పేరు పెట్టింది. సెకనులో వెయ్యో వంతు దాకా టైము పెట్టింది. టోకెన్ ఇచ్చినప్పుడే కాదు, అంతకుముందు పాత నంబరు చదివినప్పుడూ రాయమంది. రెండు రోజులు తప్పే జరగలేదు!

"బాగైంది గద, ఇడ్చిపెట్టు," అన్నాడు సమ్మిరెడ్డి.

"బాగు కాలే సార్. ఒక త్రెడ్ ఫైల్ల రాసేదాక ఇంకోటి ఆగుతున్నది. అందుకే గుద్దుకుంటలేవు."

నిజమే. నేను అడ్డం నిలబడి తప్పును దాస్తున్నాను. తనిఖీకి పెద్దసారు వచ్చినరోజు ఆఫీసంతా బుద్ధిగా ఉన్నట్టు. అప్పుడామె ఒక్కో త్రెడ్‌కు విడిగా మెమరీలో ఒక జేబు ఇచ్చింది. ఎవరి రాత వాళ్లు అందులో వేసుకోవాలి, తర్వాత టైము చూసి కలపాలి. ఇక నా కోసం ఎవరూ ఆగనక్కర్లేదు. శుక్రవారం రద్దీలో దొంగ దొరికాడు:

యాకమ్మ: 61 చదివింది.
స్వరూప: 61 చదివింది.
యాకమ్మ: 62 ఇచ్చింది.
స్వరూప: 62 ఇచ్చింది.

ఇద్దరి తరఫునా ప్రోగ్రామే తొందరపడి ఒకే నంబరు చదివింది. ఒక చేయి చదివి, ఇచ్చి ముగించేదాకా రెండోది ఆగేలా షహనాజ్ తాళం వేసింది.

సమ్మిరెడ్డి నోటీసు చింపబోయాడు. యాకమ్మ ఆపింది. "చింపుతె ఎట్ల సార్? నా తప్పు లేదని దాని మీదనే రాసి సంతకం పెట్టుండ్రి. ఫైల్ల ఉండాలె."

పెట్టాడు. పెన్ను రెండుసార్లు మొరాయించింది, అయినా పెట్టాడు.

తర్వాత షహనాజ్ నా ముందు రెండు ఏటవాలు గీతలు గీసింది. అంటే ప్రోగ్రాంలోనే ఉంటాను, పని ఉండదు. కంప్యూటరు నన్ను చదవకుండా దాటుకుంటూ పోతుంది. బాధేం లేదు. కౌంటరు దగ్గర యాకమ్మ గొంతు పెద్దదే.

"నూకుకోకుండ్రయ్యా, ఒకలెనుక ఒకలు రాండ్రి. అందరికి నంబరున్నది."