కొండయ్య దగ్గు

1934 నవంబరు పన్నెండు, సోమవారం. కొల్లేటి మీద తెల్లవారుజాము నుంచీ ముసురు, తూర్పుగాలి. ఆ ముసురుకే తాడేపల్లిగూడెం మిల్లుల ముందు బస్తాల్లో ధాన్యం మొలకెత్తింది. ఆ మొలకల ధాన్యం తగవులు చెప్పాలంటే వేరే రోజు కావాలి. సుబ్బాయమ్మ రోజూలాగే పొయ్యి ఆర్పి, నెత్తిన గోనె కప్పుకుని గట్టు మీదికి వచ్చింది.

ఆమె మొగుడు కొండయ్య గూడబాతులతో కలిసి చేపలు పట్టేవాడు. ముక్కు కింద సంచి వేలాడే ఆ పెద్ద తెల్లపక్షులు ఒకవైపు నెలవంకలా బారుతీరి చేపల్ని తోలుకొచ్చేవి. ఎదురుగా దోనెలో వలతో అతను. కొండయ్య దగ్గగానే అతని వలా, వాటి ముక్కులూ ఒక్కసారే నీళ్ళలో పడేవి. మొదటి బుట్ట పక్షులది. పోనుపోను పక్షులూ దగ్గడం నేర్చాయి, వాటిని చూసి వాటి పిల్లలూ నేర్చాయి. అచ్చం కొండయ్య దగ్గే, చివర ఈలలాంటి జీరతో సహా. ఊళ్ళో ఎవరికీ అది వింత కాదు. చుట్ట మానవేమని కొండయ్యనే తిట్టేవాళ్ళు.

నెల కిందట కొండయ్య శవమై తేలాడు. "కాలు జారి దోనె అంచుకి కొట్టుకున్నాడండీ," అని తమ్ముడు మంగరాజు పెద్దల ముందు ఏడ్చాడు. శవానికి నీళ్ళు పోస్తూ సుబ్బాయమ్మ చూసింది: కుడిభుజం నల్లగా కమిలింది, నడినెత్తి పగిలింది.

మర్నాడు ఒక గూడబాతు చేపని మింగేముందు ముక్కుతో కొట్టింది. మొదట పక్కన, తర్వాత తల మీద. వారం తిరిగేసరికి గుంపంతా అదే పని. చూసింది చూసినట్టు నేర్చుకునే జాతి. సుబ్బాయమ్మకి అర్థమైంది. ఎవరితోనూ అనలేదు.

కొండయ్య చేపలు పట్టిన నీరు ఎవరిదని వదినకీ మరిదికీ తగువొచ్చింది. పక్షులు ఎవరి దోనె వెంట నడిస్తే నీరు వాళ్ళది. తాతలనాటి కట్టు అది. ఆ సోమవారమే తేలాలి. ఓడితే సుబ్బాయమ్మ ఏలూరు పోయి గోనెల మిల్లులో కూలి చేసుకోవాలి.

"వానలో మీరెందుకండీ వదినగారూ?" మంగరాజు దోనెలోంచి నవ్వాడు. "పొయ్యి దగ్గర వెచ్చగా కూర్చోకపోయారా?"

"వాటికి మొదటి బుట్ట వేశావా?"

"వేస్తానండీ. ఇదిగో!" గెడకర్ర ఎత్తి, దగ్గరికొచ్చిన ముసలిపక్షి రెక్క మొదట్లో కొట్టాడు, తర్వాత నెత్తి మీద. అది నెత్తుటి నీళ్ళలో వెల్లకిలా పడింది. "ఇహ భయానికి ఎలా వస్తాయో చూడండి."

నిజంగానే వచ్చాయి. బారుతీరి, దోనె చుట్టూ. పెద్దమనిషి బాపిరాజు గొడుగు కింద తల ఊపాడు. "వచ్చాయమ్మా మరి. ఇక నీరు..."

సుబ్బాయమ్మ దగ్గింది. చివర ఈలలాంటి జీరతో సహా.

బారు మూసుకుంది. మొదటి ముక్కు మంగరాజు భుజం మీద పడింది. గెడ జారిపోయింది. "ఆపవే వదినా!" అని అరిచాడు, ఆ అండీలన్నీ ఎటు పోయాయో. రెండోది నెత్తి మీద. ఆ తర్వాత అన్నీ, వంతులవారీగా, తొందర లేకుండా. ఎముక విరిగిన చప్పుడు గట్టుదాకా వినిపించింది. దోనె బోర్లాపడ్డాక కూడా ఆపలేదు. బాపిరాజు గొడుగు గాలికి కొట్టుకుపోయింది, ఆయన చూసుకోలేదు.

నీరు సుబ్బాయమ్మకి వచ్చింది. పగిలిన దోనె మంగరాజు పెళ్ళాం చంద్రకళకి, వంటచెరకు కింద. మరుసటేడు గుడ్లలోంచి వచ్చిన పిల్లలకి దగ్గూ వచ్చింది, దెబ్బలు కొట్టడమూ వచ్చింది. మంగరాజు కొడుకు ఏడుకొండలికి ఏమీ రాలేదు. ఎంత జలుబు చేసినా, కొల్లేటి మీద ఉన్నంతసేపూ అతను దగ్గేవాడు కాదు.