మూతలోని రబ్బరు

ఊళ్లో అందరూ ఆమెను గిన్నెలమ్మాయి అనేవారు. తిని పారేసే ప్లాస్టిక్ డబ్బాల స్థానంలో స్టీలు డబ్బాలు అద్దెకివ్వడం, ఖాళీ అయ్యాక తెచ్చుకుని ఎండకు కాగిన నీళ్లతో కడగడం, మళ్లీ ఇవ్వడం ఆమె మొదలుపెట్టిన పని. బట్టలు కుట్టే ఫ్యాక్టరీ భోజనశాల ఈ ఒక్కపూట చూస్తామంది. నచ్చితే ఫ్యాక్టరీ అంతా ఆమె డబ్బాలే. నచ్చకపోతే మళ్లీ ప్లాస్టిక్కే, ఆమె షెడ్డుకు తాళమే.

వ్యాను ఫ్యాక్టరీ గేటు ముందు ఆగింది. మనసు ఊరుకోక ఆమె ఒక డబ్బా మూత తీసి వాసన చూసింది. ముక్కిన వాసన.

"బావా, మూతలు ఎప్పుడు పెట్టావు?"

వ్యాను తోలుతున్న అక్క మొగుడు గొప్పగా నవ్వాడు. "నిన్న సాయంత్రమే! పొద్దున నువ్వు కంగారుపడతావని."

"తడి ఆరకుండానా?"

నవ్వు సగంలో ఆగింది. "మబ్బు పట్టింది కదే, ఎంతకీ ఆరలేదు. తుడిచాలే... పైపైన."

తడిమీద మూత పెట్టవద్దని చెప్పి చెప్పి ఆమె నోరు నొప్పి పుట్టింది. డబ్బా బాగానే ఉంది. మూత లోపలి రబ్బరు చుట్ట మాత్రం తడి పీల్చి, కంపు పట్టింది.

"వేడి కూర పడితే అదే పోతుందిలే మరదలా."

"పోదు బావా. లేస్తుంది."

చెప్పకుండా దించేసి వెళ్లిపోదామా అనిపించింది ఒక్క క్షణం. కాళ్లు మాత్రం వంటగదివైపు నడిచాయి. మూత అందుకుని వాసన చూసిన వంటమాస్టారు ముఖం చిట్లించాడు.

"రబ్బర్లు పీకేసి, మీ వేడినీళ్లతో మళ్లీ కడిగేస్తాం మాస్టారూ. కాకపోతే... పలచటి కూరైతే కారిపోతుంది."

ఆయన గడియారం చూశాడు. గరిటె చూశాడు. ఆమెను చూశాడు.

"సరే, వేపుడు చేస్తాను. ఈ ఒక్కరోజే. రోజూ నీ మూతల్ని అడిగి కూర వండలేనమ్మాయ్!"

బావ ఒక్కొక్కటిగా రబ్బర్లు లాగాడు. వేళ్లు ఎర్రబడ్డాయి. "మీ అక్కతో అనకే," అన్నాడు మెల్లగా.

"నేననను. నీ వేళ్లే చెబుతాయి."

భోజనాల గంట మోగింది. ఆమె భోజనశాలకు ఎదురుగా, ఇస్త్రీగది పక్కనున్న నడవలో, స్తంభం చాటున నిలబడింది. కత్తిరింపు పనివాడొకడు మూత తీశాడు. డబ్బాను ముక్కు దగ్గరకు తెచ్చుకున్నాడు.

"మాస్టారూ!" అని అరిచాడతను. "డబ్బా పెద్దదైంది, కూర చిన్నదైందేం?"

అందరూ నవ్వారు. ఆమెకు మాత్రం నవ్వు రాలేదు.

వంటమాస్టారు వచ్చాడు. "రేపూ తీసుకురా. రబ్బర్లతో. రేపు పలచటి కూరే."

కిటికీ బయట మబ్బు అలాగే ఉంది. రేపటికి రబ్బర్లు ఎలా ఆరుతాయి? అప్పుడు తెలిసింది, ఇందాకటినుంచి తన మెడకు వెచ్చగా గాలి తగులుతోందని. ఇస్త్రీగదిలోని వేడి, గోడకున్న కంతలోంచి ఊరికే బయటికి పోతోంది.

జేబులోంచి తడి రబ్బరు చుట్ట ఒకటి తీసి, ఆ కంతకు ఎదురుగా పట్టుకుంది.

"ఏం చేస్తున్నావే?" అన్నాడు వెనకే వచ్చిన బావ.

"ఉండు," అంది ఆమె, చెయ్యి దించకుండా.