పదకొండు డిగ్రీల గడి

"చేతులు కడుక్కున్నావా?" అని మా ఆయన రోజూ సాయంత్రం అడుగుతాడు. నేను చెప్పులు విడవకముందే అడుగుతాడు. కడుక్కున్నానని చెప్పినా, "కప్పల్ని పట్టుకున్న చేతులు, ఇంకోసారి సబ్బుతో కడుక్కుంటే పోయేదేముంది?" అంటారు మా అత్తగారు హాల్లోంచి. అలా రెండోసారి కడుక్కున్న చేతులతోనే అందరికీ వండి పెట్టడం, వంటగది సర్దడం పదిహేడేళ్లుగా నడుస్తోంది. ఈ మధ్య మూడోసారి కూడా కడుక్కుంటున్నాను, ఎవరూ అడక్కుండానే. ఎందుకో చెప్పాలంటే సిగ్గుగా ఉంది. అయినా చెబుతాను.

నా ఉద్యోగం ఒక పరిశోధనశాలలో. కప్ప చర్మం నీళ్లలోని ఉప్పును లోపలికి ఎలా లాక్కుంటుంది, వేడి పెరిగితే ఎంత లాగుతుంది, చల్లబడితే ఎంత తగ్గుతుంది అన్నది చూడటం నా పని. కప్ప పొట్ట మీది చర్మాన్ని తీసి రెండు చిన్న గాజు గదుల మధ్య బిగిస్తాం. రెండు వైపులా ఉప్పునీళ్లు పోస్తాం. చర్మం ఉప్పును లాగుతున్నంతసేపూ సన్నగా కరెంటు పుడుతుంది, మీటరు చూసి రాసుకోవాలి. కప్ప చచ్చిపోయినా చర్మం గంటల తరబడి ఆ పని మానదు. మొదటిసారి చూసినప్పుడు, ఇలాంటి కోడలైతే మా అత్తగారికి వంక పెట్టడానికి ఏమీ దొరికేది కాదని నవ్వుకున్నాను.

నాలుగు ఉష్ణోగ్రతల దగ్గర కొలవాలి. ఇరవై ఆరు, ఇరవై ఒకటి, పదహారు, పదకొండు. ఒక్కో మెట్టు దిగాక చర్మం కుదురుకోవడానికి గంటకు పైగా ఆగాలి. పదకొండు చూసేసరికి సాయంత్రం ఐదు దాటుతుంది. రెండేళ్ల కిందట, ఆరు కప్పలతో ఆరు రోజులు ఈ కొలతలు తీయాల్సిన వారంలోనే మా అత్తగారికి కంటి ఆపరేషన్ అయింది. సాయంత్రం దాకా ఆడపడుచు ఉంటుంది, ఐదింటి నుంచి చుక్కల మందు వేయడానికి మనిషి కావాలి. "నువ్వు సెలవు పెట్టకూడదా?" అని మా ఆయన్ని అడిగాను. "ఆఫీసులో నా కోసం మనుషులు కాచుక్కూర్చుంటారు. నీవి కప్పలేగా, రేపు చూసుకో" అన్నాడు. ఆడపడుచు నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకిప్పటికీ మింగుడుపడదు.

ఆరు రోజులూ పదహారు దగ్గరే ఆపి బస్సు అందుకున్నాను. కొలతల పుస్తకంలో పదకొండు డిగ్రీల కింద ఆరు గడులూ ఖాళీగా మిగిలాయి. మా విభాగాధిపతిని అందరం పెద్దాయన అంటాం. ఈ పని నాకిచ్చేటప్పుడు ఆయన, "ఆడవాళ్లకిస్తే సగంలో ఆగిపోతుందని నలుగురూ అంటున్నా మీకే ఇస్తున్నాను, నా పరువు తీయకండి" అన్నాడు. ఆ ఆదివారం భోజనాల బల్ల దగ్గర బఠాణీలు ఒలుస్తూ పుస్తకం తెరిచాను. మూడు అంకెలు ఒక వరసలో దిగుతున్నాయి, నాలుగోది ఎక్కడ పడాలో స్కేలు పెట్టి గీస్తే తెలిసిపోతోంది. అన్నీ ఒకేలా ఉంటే బాగుండదని అటూ ఇటూ కాస్త మార్చి ఆరూ రాసేశాను. పావుగంట కూడా పట్టలేదు. చెయ్యి వణకలేదు. ఎందుకు వణుకుతుంది? కూర చాలకపోతే నేను తినేశానని చెప్పడం, ఆయన మరిచిపోయిన పుట్టినరోజుకు ఆయన పేరు మీద వాళ్లమ్మకు బహుమతి తెచ్చివ్వడం, ఇవన్నీ చేసిన చెయ్యే కదా. ఎక్కడ ఖాళీ కనబడితే అక్కడ పూడ్చడం నాకు అలవాటైపోయింది. కానీ అలవాటు ఇంట్లో అయిందని తప్పును ఇంటి మీదికి నెట్టలేను. ఆ గడులు ఖాళీగా వదిలేస్తానంటే నా చెయ్యి ఎవరూ పట్టుకునేవారు కాదు. ఆరు ప్రాణాలు తీసి, వాటి పేరు మీద అబద్ధం రాసింది నేను. వ్యాసం అచ్చయింది. నా ఉద్యోగం పర్మనెంటయింది.

ఈ ఏడాది ఒక పరిశోధక విద్యార్థిని చేరింది. రెండేళ్ల పాప తల్లి. నా కొలతల మీద ఆమె తన పని మొదలుపెట్టాలి, అందుకు ముందు ఆ అంకెలు ఆమెకూ రావాలి. మొదటి మూడూ వచ్చాయి. పదకొండు దగ్గర మాత్రం నేను రాసినదానిలో సగం కూడా రాలేదు. ఆ చలికి చర్మం ఉన్నట్టుండి చతికిలబడేది. "మేడమ్, నా చేతుల్లోనే ఏదో తేడా ఉన్నట్టుంది" అంది. "మళ్లీ చెయ్యమ్మా" అన్నాను. నాలుగు నెలలు చేసింది. పాపను ఏడింటిదాకా క్రెష్‌లో వదిలేసి చేసింది. వాళ్లాయన ఫోన్‌లో కేకలేస్తుంటే, ఫోను చెవికి దూరంగా పెట్టుకుని మీటరు చూస్తూ నిలబడేది. ఒకరోజు ఆమెకు టీ తెచ్చిచ్చాను. "మీరెంత మంచివారు మేడమ్" అంది. నేను మూడోసారి చేతులు కడుక్కోవడం ఆ సాయంత్రమే మొదలైంది.

నిన్న ఉదయం మీటింగు. పెద్దాయన, మా తోటి ఉద్యోగులు ముగ్గురు, ఆమె, నేను. ఏం మాట్లాడుకున్నారో రాసిపెట్టే పని నాది. చేతిరాత బాగుంటుందని ఎప్పుడో అప్పగించారు. చేతిరాత బాగుండని మగవాళ్లు హాయిగా మాట్లాడుకుంటారు.

"నాలుగు నెలల్లో ఒక్క అంకె తీయలేకపోయింది" అన్నాడు పెద్దాయన. "చేతిలో పనితనం లేకపోతే మనమేం చేస్తాం? ఈమె పేరు తీసేద్దాం. రాయండి."

ఆమె తల వంచుకుంది. చెవుల దాకా ఎర్రబడింది. ఆమె పడుతున్న సిగ్గు నాదని ఆ గదిలో నా ఒక్కదానికే తెలుసు.

"ఆ అంకె రాదండీ" అన్నాను. "పదకొండు దగ్గర నేను కొలవలేదు. ఇంట్లో కూర్చుని రాశాను. ఆమెకు వస్తున్నదే నిజం."

ఎవరో కుర్చీ వెనక్కి జరిపారు. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. వ్యాసం మీద ఆయన పేరు కూడా ఉంది మరి. "చూడండమ్మా, ఇంటి ఒత్తిళ్లలో ఏదో అనేస్తున్నారు. ఇది ఈ గది దాటకూడదు. ఈమెకు ఇంకో పని చూద్దాం, అందరికీ మర్యాదగా ఉంటుంది. అది మాత్రం రాయకండి" అన్నాడు.

నాకు ఒప్పేసుకోవాలనిపించింది, దాచడమెందుకు. ఉద్యోగం ఉంటుంది. ఆమెకూ ఏదో ఒక పని ఉంటుంది. "అడగనిదానికి నోరు విప్పడమెందుకు నీకు?" అని మా ఆయన అనడమూ ఉండదు. కలం కాసేపు కాగితం మీద ఆనించి అలాగే ఉంచాను. తర్వాత నేనన్న మాటను అన్నట్టే రాసి, పక్కన నా పేరు రాశాను.

అప్పుడు ఆమె తలెత్తింది. థాంక్స్ చెబుతుందని నాలో ఏ మూలో ఆశ ఉన్నట్టుంది, దానికీ సిగ్గుపడుతున్నాను.

"తప్పు నాది కాదని మీకెప్పుడు తెలిసింది మేడమ్?" అని అడిగింది.

"మొదటి రోజే" అన్నాను.

అది కూడా రాశాను.