నాట్లేసే పదకొండు మంది

సూర్యాపేటకు రైలు లేదు. అందుకేనేమో మా బొమ్మరైళ్ల క్లబ్బు వాళ్లకు రైళ్లంటే అంత పిచ్చి. రిటైరైన టీచర్ సాంసన్ సార్ మేడ మీద ఇరవై అడుగుల బల్ల, దాని మీద బుల్లి మిర్యాలగూడ స్టేషన్, సిగ్నళ్లు, వేలెడంత రైలు డబ్బాలు. నేను కోదాడలో లెక్కల టీచర్ని. ప్రతి ఆదివారం బస్సెక్కి ఆ మేడకు చేరే ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఒకచోట కుదురుగా కూర్చోలేని నాకు అంత సన్నపని ఎలా అబ్బిందో నాకే తెలియదు.

ఈసారి మిర్యాలగూడలోనే ప్రదర్శన. పట్టాల పక్కన అడుగున్నర ఖాళీ ఉంటే, రైస్ మిల్లులో గుమస్తా ఉపేందర్ అక్కడ మిల్లు కడదామన్నాడు. నేను వరి మడి అన్నాను.

"మడిల సూడనీకి ఏముంటది మేడం? బురద తప్ప!" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "మీ మిల్లుకు వడ్లు ఆకాశంల నుంచి పడ్తయా?" అన్నాను. సాంసన్ సార్ నవ్వి నా వైపు మొగ్గారు.

రెండు నెలలు పట్టింది. బురదకు జిగురు కలిపిన మట్టి, నీళ్లకు వార్నిష్, నారుకు రంగేసిన బ్రష్షు వెంట్రుకలు. వంగి నాట్లేసే ఆడవాళ్లు పదకొండు మంది, ఒక్కొక్కరు బొటనవేలి గోరంత. నడుమ ఉన్నామెకు ఎర్ర లంగా వేసి, రవిక మీద అద్దాలకని వెండిరంగు చుక్కలు పెట్టాను. ఆమె మా అమ్మ గౌరీబాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

అమ్మ నిడమనూరు దగ్గర లంబాడీ తండాలో ఉంటుంది. ముప్పై ఏళ్లు ఊరూరా నాట్లేసి నన్ను చదివించింది. ఆ బొమ్మను చూసి, ఇది నేనే అని తనంతట తాను గుర్తుపట్టాలి. నాకు కావలసింది అదొక్కటే. ప్రైజులు ఎవరిక్కావాలి?

ప్రదర్శన రోజు పదింటికి తలుపులు తెరుస్తారనగా, తొమ్మిదిన్నరకే అమ్మను హాల్లోకి తీసుకొచ్చాను. స్టేషన్ చూసింది. కదిలే రైలును చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను కాలు కాలిన పిల్లిలా బల్ల చుట్టూ తిరుగుతున్నాను. చివరికి మడి దగ్గర ఆగింది. వంగి చాలాసేపు చూసింది.

"వీళ్లు ఎటు పోతున్నరు బిడ్డా?" నలుగురిలో ఉన్నప్పుడు మా అమ్మ తెలుగే మాట్లాడుతుంది.

"ముందుకే యాడీ. నాట్లేస్తున్నరు." అమ్మను నేను యాడీ అనే పిలుస్తాను, ఎక్కడున్నా.

"ముందుకెట్ల పోతరు? ఏసిన నారు తొక్కుకుంట పోతరా? నాటేటోళ్లు ఎనకకు నడుస్తరు. నాటింది కండ్ల ముందల ఉంటది."

చూసుకున్నాను. నా నారంతా వాళ్ల వెనక ఉంది. ముందంతా ఉత్త బురద. పదకొండు మందీ తప్పే.

ఉపేందర్ కిసుక్కున నవ్వాడు. "మిల్లు పెడితే ఈ పరేషాన్ ఉండకపోవు గద మేడం."

సిగ్గంతా అమ్మ మీద కోపమై లేచింది. "నాకెట్ల తెలుస్తది? ఒక్కనాడన్న నన్ను మడిల కాలు పెట్టనిచ్చినవా?" అని అందరి ముందూ అరిచాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

అమ్మ నొచ్చుకోలేదు. "పెట్టనియ్యలే. ఒడ్డు మీద కూసోబెట్టి సదువుమన్న. తల ఎత్తితే తిడ్తుంటి. నువ్వేడ సూస్తవ్?"

ఇంకా ఇరవై నిమిషాలుంది. బ్లేడు, పట్టకారు తీసుకున్నాను. ఉపేందర్ నవ్వు మానేసి ఫోన్ లైటు దగ్గరగా పట్టాడు. నేను ఒక్కొక్కరినీ పెరికి, ఇటు తిప్పి అతికిస్తుంటే అమ్మ పక్కన నిలబడి చెప్పింది.

"జర కాళ్లు ఎడంగ పెట్టు. నారు కట్ట ఎడమ చేతిల ఉండాలె. గామె ముందుకొచ్చింది సూడు, వరుసల పెట్టు."

నాట్లు ఎలా వేయాలో మా అమ్మ నాకు చెప్పడం అదే మొదటిసారి. పది మందిని తిప్పాను. ఎర్ర లంగా ఆమె ఒక్కతే మిగిలింది.

"గది నేనే గద?" అంది అమ్మ.

ఎప్పుడు గుర్తుపట్టిందో! సంతోషంతో తలూపాను.

"మరి నడుమ పెట్టినవేంది? నేనెప్పుడు ఒడ్డు పక్కనే నాటేదాన్ని."

"ఎందుకు?"

"ఒడ్డు మీద నువ్వుంటివి గద. వంగినా కనవడాలె."

ఆ ఒడ్ల మీద ఎన్ని రోజులు కూర్చున్నానో లెక్కలేదు. వరుసలో అమ్మ ఎక్కడుండేదో ఒక్కసారీ చూడలేదు. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఆమెను తెచ్చి ఒడ్డు పక్కన నిలిపాను.

అమ్మ మళ్లీ వంగి చూసింది. ఒడ్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఖాళీగా ఉంది.

"మరి నువ్వేది బిడ్డా?"

రెండు నెలల్లో ఆ ఆలోచనే రాలేదు నాకు. సాంసన్ సార్ తలుపులు తెరిచారు. జనం లోపలికొస్తున్నారు. జిగురు ఇంకా ఆరలేదు. బొమ్మ పడిపోకుండా చూపుడువేలితో పట్టుకుని నిలబడ్డాను.

"చేస్త యాడీ. ఇయ్యాల్నే చేస్త."

"చేతిల పుస్తకం పెట్టు," అంది అమ్మ.