కోల్డ్ స్టోరేజీలో గొంతు

శ్రీహరి రోజూ పొద్దున్నే టిఫిను తిని కోల్డ్ స్టోరేజీకి వెళ్తాడు. నరసరావుపేట దాటి చిలకలూరిపేట రోడ్డు మీద ఉంది అది. అక్కడ రెండో అంతస్తులో ఆయన మిరప టిక్కీలు, అంటే కాయలు కుక్కిన గోనె బస్తాలు, రేటు కోసం ఎదురుచూస్తూ పడుంటాయి. స్వెట్టరు తొడుక్కుని లోపలికెళ్ళి, ఒక టిక్కీ మూతి విప్పి, నాలుగు కాయలు లైటు కింద పెట్టి రంగు చూసుకుంటాడు. తర్వాత టిక్కీల వెనక దాచిన స్టీలు డబ్బా తీసి, అందులో ఉన్న డిస్కును చూసుకుంటాడు. విప్పడు. పైనున్న ప్లాస్టిక్ కాగితం చిరగలేదని తడిమి మళ్ళీ డబ్బాలో పెట్టేస్తాడు. ఆ డిస్కులో ఆయన భార్య నాగేంద్రమ్మ గొంతు ఉంది.

గొంతు ఉందంటే పాట ఉందని కాదు, గొంతే ఉంది. ఆరు స్పీకర్ల రికార్డింగుకు పాడినవాళ్ళ గొంతు అందులోనే ఉండిపోతుందని ఇప్పుడు ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. మామూలు క్యాసెట్టుకు పాడితే ఏమీ కాదు, అది మనిషిని ఎదర నుంచి ఫోటో తీయడం లాంటిది. చుట్టూ మైకులు పెట్టి అన్ని వైపుల నుంచీ తీసుకుంటే ఇక మనిషి దగ్గర ఏం మిగులుతుంది? మాట మిగులుతుంది. కూరలవాడితో బేరమాడటానికి అది చాలు. పాడబోతే మాత్రం ఒట్టి గాలి వస్తుంది.

నాగేంద్రమ్మకు ఈ సంగతి ముందుగా ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్ళు సంతకం పెట్టించుకునే తొందరలో ఉన్నారు. అప్పుడామెకు ఇరవై మూడేళ్ళు. కోటప్పకొండ తిరునాళ్ళలో కరెంటు దీపాలు కట్టిన ఎత్తైన ప్రభల మీద ఆర్కెస్ట్రాతో పాడేది. ఆ పాట విని మద్రాసు కంపెనీవాళ్ళు భక్తిగీతాల డిస్కుకు పిలిపించారు. డిస్కు అట్ట మీద పెద్ద గాయని బొమ్మ వేశారు. నాగేంద్రమ్మ అనే పేరు అట్ట మీద బాగుండదని, కింద చిన్న అక్షరాలతో బృందం అని వేసి ఊరుకున్నారు. గొంతు తీసుకున్నవాళ్ళకు పేరు వేయడానికి చేతులు రాలేదు. ఆమె పాడినదంతా వెనక కుడివైపు స్పీకర్లో ఒంటరిగా వినిపిస్తుంది.

పెళ్ళిచూపుల్లో పాడమన్నారు. గాలి వచ్చింది. పర్లేదులే, డిస్కుందిగా అన్నారు పెద్దలు. శ్రీహరి ఆ డిస్కు తెప్పించుకుని, విని, కళ్ళనీళ్ళు పెట్టుకుని పెళ్ళికి ఒప్పుకున్నాడు. అప్పటి నుంచీ ఆయనకు ఆరు స్పీకర్ల డిస్కుల పిచ్చి పట్టింది. ఎక్కడ మూతబడే షాపు కనబడినా పాత డిస్కులు ఏరుకొచ్చి, కంపెనీ వేయడం మానేసినవి విడిగా పెట్టుకుని, రేటు వచ్చినప్పుడు అమ్మేవాడు. మిరపకాయల మీద చేసే వ్యాపారమే వీటి మీదా చేశాడు.

కంపెనీ మూతబడ్డాక నాగేంద్రమ్మ పాడిన డిస్కులు ఒక్కొక్కటే చచ్చిపోయాయి. పెళ్ళికి ముందు శ్రీహరి తెప్పించుకున్నదీ, ఆటోల్లో పెట్టినవీ గీతలు పడి పోయాయి. కొన్నిటిని ఈపూరు వైపు రైతులు పిట్టల్ని బెదరగొట్టడానికి పొలాల్లో వేలాడదీశారు. ఎండకు వాటి పొరలు లేచిపోయాయి. ఒక డిస్కు పోతే అందులోని గొంతు మిగిలినవాటిలోకి సర్దుకునేది తప్ప ఆమెకు తిరిగి వచ్చేది కాదు. చివరికి ఒకే ఒక్కటి మిగిలింది. మొత్తం గొంతు దానిలోకి వచ్చి చేరింది. గుంటూరులో ఓ షాపు సామాను అమ్మేసేటప్పుడు, సీలు కూడా విప్పనిది, శ్రీహరి చేతికి దొరికింది.

ఆ రోజే ఆమె అడిగింది, దాన్ని విరిచి తన గొంతు తనకిచ్చెయ్యమని. ఆయన నవ్వాడు.

"నీ గొంతు ఎక్కడికన్నా పోయిందా ఏందే? భద్రంగా ఉంది. ఏడాదికేడాది రేటు పెరుగుతా ఉంది."

కనీసం సీలు విప్పి ఒక్కసారి వినిపించమంది. విప్పితే రేటు సగానికి పడిపోతుందన్నాడు. ఆమె అన్నం మానేసింది, పుట్టింటికి వెళ్ళింది, వచ్చింది, మళ్ళీ అడిగింది. ఆయన ఒక్కనాడూ కేకలెయ్యలేదు, చెయ్యెత్తలేదు. ఓపిగ్గా, చిన్నపిల్లకు చెప్పినట్టు, మార్కెట్టు గురించి చెప్పేవాడు. నాగేంద్రమ్మకు ఒళ్ళు మండేది దానికే. ఆ గొంతంటే ప్రాణమని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు, అదింకా మంట.

ఈ ఏడు మొదటి కోత కాయలు కోల్డ్ స్టోరేజీకి వెళ్ళేటప్పుడు ఆయనకో ఆలోచన వచ్చింది. మిరపకాయ ఎర్రదనాన్ని ఏడాదిపాటు కాపాడే చలి, డిస్కును కాపాడదా అనుకున్నాడు. ఇంట్లో బీరువాలో ఉన్నదాన్ని తీసుకెళ్ళి టిక్కీల మధ్య పెట్టొచ్చాడు. ఎండాకాలం కరెంటు పోయినా దానికి దిగుల్లేదని భార్యకు చెప్పి మురిసిపోయాడు.

చలితో పాటు చెమ్మ కూడా ఉంటుందని ఆయనకు తట్టలేదు. నెల తిరక్కుండా ఓ మధ్యాహ్నం నాగేంద్రమ్మ వంటింట్లో చింతపండు పిసుకుతూ గొంతు సవరించుకుంటే, దగ్గు వెనకాలే ఒక స్వరం వచ్చింది. కింది షడ్జం. చేతులు చింతపండు గిన్నెలోనే ఉండిపోయాయి. తన గిన్నె తీసుకెళ్ళడానికి వచ్చిన ఎదురింటి కుల్సుం కూడా విన్నది. ఆమె వెంటనే పెరటి తలుపు మూసేసింది.

"అక్కా, అన్న ముందు మాత్రం నోరు తెరవబాక. డిస్కు పోతందని తెలిస్తే కాపీ తీపిస్తాడు. కంప్యూటర్లోకి పోయిందనుకో, ఇంక చెమ్మా లేదు, గీతా లేదు. ఎప్పటికీ రాదు."

అది నిజమే. ఇన్నాళ్ళూ ఆ డిస్కులు కాపీ కాకుండా కంపెనీ వేసిన తాళం ఉండేది. ఇప్పుడు దాన్ని విప్పడం తెలిసినవాళ్ళు వచ్చారు. కాబట్టి నాగేంద్రమ్మ నోరు కట్టేసుకుంది. గొంతు లేనప్పుడు ఊరికే ఉండటం ఒక బాధ. గొంతు స్వరం స్వరంగా పైకి వస్తుంటే పళ్ళు బిగించుకుని అన్నం వడ్డించడం ఇంకో బాధ. స్నానాల గదిలో కుళాయి పూర్తిగా తిప్పి, ఆ నీళ్ళ చప్పుడు కింద సన్నగా అని చూసుకునేది. పై షడ్జం దాకా వచ్చింది. ఆ పైన ఇంకా గాలే. మొగుడు బయట నుంచి నీళ్ళు వృథా చెయ్యబాకని చెప్పేవాడు.

మే నెలలో శ్రీహరికి బేరం కుదిరింది. బెజవాడ నుంచి వీరాంజనేయులనే ఆయన వస్తున్నాడు, ఇట్లాంటి డిస్కులు కొని దేశమంతా అమ్ముతాడు. లక్షా డెబ్బై వేలు. ఇక్కడే మిషన్లోకి కాపీ దించుకుని, అట్ట విడిగా, డిస్కు విడిగా పట్టుకెళ్తాడట. ఆ మాట భార్యతో పండగ కబురులా చెప్పి, తనే కారులో వెళ్ళి డిస్కు తెచ్చాడు. నరసరావుపేటలో ఆ రోజు ఎండ గోడల్ని కూడా వదలడం లేదు. మంచుగదిలోంచి ఆ వేడిలోకి వచ్చిన డబ్బాకు చెమటలు పట్టాయి. ప్లాస్టిక్ కాగితం లోపల కూడా నీటి బొట్లు కనిపించాయి. ఆయన కండువాతో పైపైన తుడిచి, చల్లగా ఉందని సంతోషించాడు.

నాగేంద్రమ్మ ఆ బొట్లు చూసింది. కోల్డ్ స్టోరేజీ నుంచి తీసిన కాయ ఇంట్లో పెడితే ఎంతసేపట్లో మెత్తబడుతుందో మిర్చి వ్యాపారి పెళ్ళానికి తెలుసు. ఆ చెమ్మ డిస్కును పూర్తిగా తినేయడానికి కావాల్సింది కాస్త వ్యవధి. వీరాంజనేయులు వచ్చీ రాగానే ల్యాప్‌టాప్ తీయబోతే, భోంచేయకుండా పని మొదలుపెట్టే ఆచారం మా ఇంట్లో లేదు అన్నయ్యగారూ అని ఆకు వేసింది.

గోంగూర పప్పు వడ్డించింది. దోసకాయ పచ్చడి, వంకాయ కూర, నాటుకోడి పులుసు. ఆయన చాలమ్మా అంటే నెయ్యి వేసింది. ఇక వద్దు అంటే గారెలు వేయించుకొచ్చింది. తన గొంతు కొనుక్కుపోవడానికి వచ్చినవాడికి నవ్వుతూ కొసరి కొసరి పెట్టింది, లోపల మాత్రం ఆ నెయ్యి గిన్నె నెత్తిన బోర్లించాలన్నంత కోపంగా ఉంది. వంటింట్లోకి వెళ్ళినప్పుడల్లా పెదాలు మూసుకునే ఊపిరిలో స్వరం పట్టి చూసుకునేది. గారెల దగ్గర పై గాంధారం వచ్చింది. పెరుగన్నం దగ్గర మధ్యమం. ఆయన లేవబోతే బంగినపల్లి మామిడి కాయలు కోసింది. శ్రీహరి తన పెళ్ళాం ఇంత మంచిదని వీరాంజనేయులుతో అన్నాడు. రెండో మామిడికాయ టెంకె దగ్గర పంచమం వచ్చి గొంతులో కూర్చుంది. ఇక గాలి లేదు. ఆమె చేతులు కడుక్కుని వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

బ్లేడుతో సీలు కోసేటప్పుడు శ్రీహరి మొహం పక్కకు తిప్పుకున్నాడు. వీరాంజనేయులు డిస్కును కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాడు. అంచుల వెంట టీ మరకలా గోధుమరంగు పాకింది. మధ్యలో సూదితో పొడిచినట్టు చుక్కలు. శ్రీహరి ఇంట్లోని ఆరు స్పీకర్లకు మిషన్ కలిపి, డిస్కు అందులో పెట్టాడు. వీణ వినిపించింది, మృదంగం వినిపించింది, ఎదర పెద్ద గాయని పాడింది. వెనక కుడివైపు స్పీకరు పలకలేదు. వైరు మార్చాడు, చెవి ఆనించాడు, మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు. లేదు.

"మిరపకాయ రంగు పోలేదే, దీనికెట్టా పోయింది?" అన్నాడు శ్రీహరి. నిజంగానే అర్థంకాక అడిగాడు. తర్వాత భార్య వైపు చూశాడు. ఇన్నేళ్ళలో ఆమె మొహం ఆయన అంతసేపు చూడటం అదే మొదటిసారి.

"నీకు తెలుసా?"

"తెలుసు. మొదటి కోత కాయలు పెట్టినప్పట్నుంచీ."

"చెప్తే కాపీ తీపించేవాణ్ణి గదా."

"అందుకే చెప్పలా."

ఆ మాట ఆయనకు ఎక్కనే లేదు. అప్పటికే వీరాంజనేయులు, గొంతు తిరిగి వచ్చిందంటే ఇంకా మంచిదే, హైదరాబాదులో ఈసారి పన్నెండు మైకులతో తీసే స్టూడియో ఉందని చెప్పడం మొదలుపెట్టాడు. శ్రీహరి కుర్చీ జరుపుకుని దగ్గరికి వచ్చి, ఈసారి ఎన్ని డిస్కులు వేయాలి, తక్కువ వేస్తే రేటు బాగుంటుంది కదా అని అడుగుతున్నాడు. అలా అడుగుతూనే జేబులోంచి ఫోను తీసి, శాంపిలుకు ఒక పల్లవి అనమని ఆమె ముందు పెట్టాడు.

నాగేంద్రమ్మ ఆ ఫోను వంక చూసింది. అరవలేదు, విసిరెయ్యలేదు.

"అన్నయ్యగారూ, మీ బస్సుకు టైమవుతంది" అంది. వీరాంజనేయులు ఆమె మొహం చూసి ల్యాప్‌టాప్ మూశాడు. ఆయన చెప్పులేసుకున్నాక మొగుడి వైపు తిరిగింది. "మీరూ లేవండి."

"నేనెందుకే?"

"నేను పాడుకోవాల. మీరు బయటికెళ్ళండి."

ఆయన వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడో ఆయనకే తెలియదు, ఆ గొంతులో ఏదో ఉంది. వెనక తలుపు గడియ పడింది. అరుగు మీద ఎండ కాళ్ళ దాకా వచ్చి ఉంది. లోపల ఇరవై మూడేళ్ళ గొంతు, నలభై ఆరేళ్ళ ఆడమనిషి కోపంతో, కింది షడ్జం నుంచి మొదలై ఎక్కడా ఆగకుండా పైకి వెళ్ళింది. కుల్సుం బకెట్టు కింద పెట్టి నిలబడింది. అటుగా పోతున్న ఆటో ఆగింది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు వదిలేసి గోడ పక్కకు వచ్చారు. ఎండలో చెమటలు కక్కుతూ కూర్చున్న శ్రీహరిని వాళ్ళంతా చూశారు. సాయంత్రం దాకా ఆమె పాడుతూనే ఉంది, మర్నాడూ పాడింది, ఆ తర్వాతా రోజూ పాడుతోంది. పాడే వేళకు ఆయన లేచి బయటికొచ్చి కూర్చుంటాడు. ఆయన్ని లోపలికి రానిమ్మని ఆ వీధిలో ఒక్కరంటే ఒక్కరు ఆమెను అడగలేదు.