లోపలి మైకు, బయటి మైకు

మా ఇంట్లో టేప్‌రికార్డరుకున్న మర్యాద నాకు లేదు. మా అత్త ఎల్లమ్మ దానికి పూలగుడ్డ కుట్టించి, అలమారలో పెట్టి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకునేది. మస్కట్ నుంచి కొడుకు పంపిన పెట్టె మరి. ఆ కొడుకు జగన్‌మోహన్, నా మొగుడు. పెళ్లయిన ఎనిమిదో నెలలో కరెంటు పనికని విమానమెక్కాడు. 1983 ఆఖరికి రెండేళ్లు నిండవచ్చాయి.

నేను ఏడో తరగతి దాకా చదివాను. ఆయనకు సంతకం ఒక్కటే వచ్చు. ఉత్తరం రాస్తే అక్కడ ఆయన గదిలో ఉండే కోహీర్ ఊరి సిద్దప్ప చదివి వినిపించాలి. ఒకసారి కొంచెం చిలిపిగా రాశాను. నెల తిరక్కుండా ఆ మాట సిద్దప్ప పెళ్లాం నోట, జహీరాబాద్ సంతలో, నాకే వినపడింది. దానితో ఉత్తరాలు మానేశాను. క్యాసెట్ అలా కాదు. ఆయన చెవిలో బిళ్ల పెట్టుకుని, గోడవైపు తిరిగి పడుకుని ఒక్కడే వింటాడట. ఆయనే చెప్పాడు.

చిక్కంతా మా వైపే. ఎవరైనా మస్కట్ పోతున్నారని తెలిస్తే చాలు, క్యాసెట్ నింపి పంపడానికి మా ముందుగదిలో చాప పడేది. మధ్యలో పెట్టె, చుట్టూ మేము. వయసు వరుసన మాట్లాడాలి. ముందు అత్త, తర్వాత పక్కింటి మణెమ్మ (ఆమెకేం సంబంధమో నన్నడక్కండి), అందరికంటే ఆఖర్న కోడలు. పెట్టెలోనే ఉన్న మైకు గదిలోని చప్పుళ్లన్నీ ఊడ్చుకునేది. అత్త దగ్గు, మణెమ్మ గాజులు, బొంబాయి రోడ్డు మీద చెరుకు లారీల హారన్లు. వాటన్నిటి చివర నా గొంతు.

"నేను మంచిగున్న. మీరు పైలం."

అంతే. అంతమంది ముందు మొగుడితో ఇంకేం మాట్లాడను?

ఆ చలికాలంలో ఆయన క్యాసెట్ వచ్చింది. "ఇంకో రెండేండ్లు ఉండుమంటున్రు. ఫిబ్రవరిల సంతకం పెట్టాలె. ఉండాల్నా, రావాల్నా? మీరందరు ఆలోచన జేసి చెప్పున్రి."

"ఉండుమను వదినా, ఇంటికి స్లాబు పడ్తది," అంది మణెమ్మ, తన ఇల్లేదో కడుతున్నట్టు. అత్త సరేనంది. నలుగురితో నారాయణా అని నేనూ తలూపాను. కానీ ఆ రాత్రి పడుకుని తలుచుకుంటే ఆయన ముఖం ఫోటోలో ఉన్నట్టే గుర్తొస్తోంది గానీ, నవ్వితే ఎలా ఉంటుందో గుర్తు రావడం లేదు. ఇంకో రెండేళ్లయితే అసలు ఎవరో అనుకుంటానేమోనని భయమేసింది. రమ్మని చెప్పాలి. అది ఆయన ఒక్కడికే చెప్పాలి.

మర్నాడు సంతకని చెప్పి, బస్టాండు దగ్గరున్న గురులింగప్ప రేడియో దుకాణానికి పోయాను. మా పెట్టెకు వేరే మైకు పెట్టవచ్చా అని అడిగాను.

"పెట్టెల ఉన్నది ఉండంగ ఇంకోటి ఎందుకమ్మా?"

అసలు సంగతి చెప్పలేను కదా. "లారీల చప్పుడు బాగ పడ్తున్నది," అన్నాను.

"గట్లనా. సూడు మరి. లోపటి మైకుకు వైరు గొడవ లేదు, సెల్లు గొడవ లేదు. గని అందరి మాట ఇంటది, పెట్టె మోటరు గూడ ఇంటది. బయటిది ఎవరి నోటి ముంగట పెడ్తె వాళ్లదే ఇంటది. దీన్ని గుచ్చినవంటె లోపటిది బంద్ అయితది. ఏది గావాల్నో నువ్వే జెప్పు."

ఆ మాట అతను పూర్తి చేయకముందే నేను బయటి మైకును చేతిలోకి తీసుకున్నాను. పొడుగాటి వైరు, కడుపులో చిన్న బ్యాటరీ సెల్లు, మెడ మీద ఒక బటను.

"వాడనప్పుడు బటను బంద్ పెట్టు. లేకుంటె సెల్లు ఒడుస్తది. నింపినంక ఒకసారి తిప్పి ఇనున్రి," అన్నాడు గురులింగప్ప.

లారీల సంగతే అత్తకూ చెప్పాను. "నా కొడుకు పంపిన పెట్టె ఉండంగ గీ పుల్లల నేనెందుకు మాట్లాడాలె? నువ్వే మాట్లాడుకో," అని తీసిపారేసింది. నాకు అదే కావాలి. మైకును నా ట్రంకులో చీరల కింద దాచుకున్నాను. సెల్లు అయిపోతుందేమోనని ఒకటే బెంగ. రోజుకు నాలుగుసార్లు ట్రంకు తెరిచి, బటను బంద్‌లోనే ఉందా అని బొటనవేలితో తడిమి చూసుకునేదాన్ని. పదిహేను రోజులు అదే పని.

జనవరిలో కోహీర్ మనిషి ఒకడు ప్రయాణమయ్యాడు. మళ్లీ చాప పడింది. "ఉండు బిడ్డా, స్లాబు అయినంక వద్దువు," అని అత్త చెప్పింది. మణెమ్మ అదే మాట మూడు తిప్పులు తిప్పింది. నా వంతు వచ్చింది.

"పెద్దల ముంగట నాకు షరమైతది అత్తా. వంటింట్ల కూసోని మాట్లాడ్త," అన్నాను.

అత్త ముఖం వెలిగిపోయింది. "సూడు మణెమ్మా, గిసుంటి కోడలు ఎవలకుంటది," అంటూ క్యాసెట్ తిప్పి, రెండో పక్క మొత్తం నాకే వదిలేసి, మీటలు తనే నొక్కింది. నేను బయటి మైకును పెట్టెకు గుచ్చి, వైరు లాక్కుంటూ వంటింట్లోకి పోయి తలుపు దగ్గరగా వేశాను. అలవాటుగా బటను తడిమి చూసుకుని, మైకు పెదాల దగ్గర పెట్టుకున్నాను.

"సంతకం పెట్టకున్రి. స్లాబు లేకుంటె పాయె, రేకుల కిందనే ఉందం. ఈడ నాతోని మాట్లాడెటోళ్లు ఎవ్వరు లేరు. పొద్దందాక నా గొంతు నాకే ఇనస్తలేదు. మీరు వచ్చెయ్యున్రి."

ఇంకా చాలా చెప్పాను. ఏడ్చాను, మధ్యలో నవ్వాను కూడా. ఒకసారి ఆయన్ని పేరు పెట్టి పిలిచాను. పెళ్లయ్యాక అదే మొదలు. బయటికొచ్చేసరికి ఒళ్లంతా తేలికైంది.

తిప్పి వినమని గురులింగప్ప చెప్పాడు, నిజమే. వినాలంటే పెట్టె మోగాల్సింది ముందుగదిలో. అక్కడ మణెమ్మ ఇంకా లేవనే లేదు. వినకుండానే క్యాసెట్ కవర్లో పెట్టి అంటించేశాను.

మార్చిలో జవాబొచ్చింది. ఆ రోజు మణెమ్మ ఊళ్లో లేదు. నేనూ అత్తా చాప మీద కూర్చుని విన్నాం. అమ్మ దగ్గు గురించి అడిగాక నన్ను పిలిచాడు.

"మనోరమా, నీ పక్క మొత్తం ఇన్న. సుయ్యిమని చప్పుడు తప్పితె ఏం లేదు. ఎక్కడన్న ఏమన్న అంటవేమోనని మూడుసార్లు తిప్పి ఇన్న. రమ్మంటవనుకున్న. ఒక్క మాట అనకపోతివి. అమ్మ ఉండుమన్నది, నీకు గూడ ఇష్టమే అనుకోని సంతకం పెట్టిన."

నాకు చప్పున బటను కళ్లముందు కనపడింది. పదిహేను రోజులు బంద్‌లో ఉందా అని చూసుకున్న బొటనవేలు, ఆ రోజు కూడా బంద్‌లోనే ఉందని చూసుకుని తృప్తిపడింది. నేను మాట్లాడిందంతా ఆ వంటింటి గోడలే విన్నాయి. మౌనం అర్ధాంగీకారమని ఏ మహానుభావుడన్నాడో గానీ, వాడిని ఆ క్షణంలో చేతికిస్తే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

"అంతసేపు లోపట కూసుంటివి. ఏం మాట్లాడలేదా?" అంది అత్త.

"మాట్లాడిన అత్తా. మైకుల పడలే."

"ఏమని మాట్లాడినవు?"

ఇంక దాచి లాభమేముంది? "రమ్మన్న," అన్నాను.

తిడుతుందనుకున్నాను. అత్త చాప పుల్ల ఒకటి గిల్లింది.

"నేను గూడ గదే అందామనుకున్న బిడ్డా," అంది. "మణెమ్మ ముంగట నోరు రాలే. నువ్వు గూడ ఉండుమన్నట్టె తలూపితివి. పడుచుపిల్లకు లేని బాధ ముసలిదానికెందుకని ఊకున్న."

అత్త కొంగుతో ముక్కు తుడుచుకుంది. పెట్టెలో ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. స్లాబుకు ఎంత ఇనుము పడుతుందో మేస్త్రీని కనుక్కోమంటున్నాడు.